నాలుగక్షరాలు కొడితే వచ్చే బక్కయ్య

1 జూలై 1989, శనివారం

ఇవాళ కూడా వచ్చాడు. నాలుగో రోజు. ఆఫీసు మెట్లలో రెండో మెట్టు మీద, ఎవరికీ అడ్డం లేకుండా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తిట్టడు, అరవడు. మధ్యాహ్నం తువ్వాలు దులుపుకుని వెళ్తాడు, తిన్నాక మళ్ళీ వస్తాడు. అరిచేవాళ్ళంటే నాకు భయం లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా గృహనిర్మాణ సంఘం ఆఫీసు తెరిచిన దగ్గర్నుంచీ ప్లాట్ల కోసం అరిచేవాళ్ళనే చూస్తున్నాను. ఇలా నోరు మూసుకుని కూర్చునేవాళ్ళను చూస్తేనే ఒళ్ళు మండిపోతుంది.

పేరు పగిళ్ళ బక్కయ్య. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో హమాలీ. కర్మన్‌ఘాట్ దగ్గర సంఘం వేసిన లేఔట్లో సభ్యుడు. జూన్ 25న ప్లాట్లకు చీటీలు తీశారు. సభ్యుడు స్వయంగా రావాలి. మూడుసార్లు పిలిచినా పలకకపోతే అతని వంతు వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్ళకు పోతుంది. ఈ రూలు ఉత్తరంలోనే ఉంది, ఆ ఉత్తరం కొట్టింది నేనే. బక్కయ్య రాలేదు. అతని వంతుకు వచ్చిన 63వ నంబరు ప్లాటు వెయిటింగ్ లిస్టులో మొదటి పేరుకు పోయింది. ఆ మొదటి పేరు మా ప్రెసిడెంటు గారి బామ్మర్దిది అయితే అది నా తప్పా?

“కాయితం అందలే బిడ్డా” అంటాడు. పొద్దున ఒకసారి, పోయేముందు ఒకసారి. ఇంకేమీ అనడు.

అందకపోవడమేమిటి? పంపిన ఉత్తరాల రిజిస్టర్లో బక్కయ్య పేరు రెండుసార్లు ఉంది. సంఘంలో ఆ పేరు వాళ్ళు ఇద్దరు, ఉత్తరాలు రెండు. ఒకటి ఈయనది. అక్కడితో నా పని అయిపోయింది.

రెండు వందల ఎనిమిది ఉత్తరాలు జూన్ 12న ఒక్క రోజులో కొట్టాను. మా పాత టైపిస్టు రామస్వామి గారి టైపు మిషన్ మీద అయితే తొమ్మిది రోజులు పట్టేది. మా కంప్యూటర్లో ఉన్న ఎడిటర్‌కు, అంటే ఉత్తరాలు కొట్టే ప్రోగ్రాంకు, మనకు కావలసిన పని మనమే రాసి నేర్పవచ్చు. సగం అక్షరాలు పడని జిరాక్సు పుస్తకం ముందు పెట్టుకుని నేనే నేర్చుకున్నాను, ఎవరూ నేర్పలేదు. సభ్యుల పేర్లు, చిరునామాలు ఒక ఫైల్లో పెట్టాను. పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు కొట్టి ఎఫ్ నైన్ మీట నొక్కితే చాలు, మిగతా పేరూ ఇంటి నంబరూ బస్తీ అన్నీ అదే నింపుతుంది. ఆ సాయంత్రం సెక్రటరీ శ్రీరామమూర్తి గారు ఉత్తరాల దొంతర చేత్తో తూచి, “ఏవండోయ్ ఇంద్రమ్మ గారూ, మీరు మనిషా మిషనా?” అన్నారు. అత్తగారింటి నుంచి తిరిగొచ్చి ఆరేళ్ళయింది. ఆరేళ్ళలో నన్ను ఒకరు మెచ్చుకున్నది ఆ రోజే.

ఆఫీసులో రెండు కుర్చీలు ఖాళీగానే ఉంటాయి. రమ్మనలేదు. చెప్పులు విప్పి రావాలి, లోపల కంప్యూటరుంది, ఆయన తువ్వాలు నిండా మార్కెట్ దుమ్ము. నేనెందుకు రమ్మనాలి?

2 జూలై, ఆదివారం

ఆఫీసు లేదు. గేదెల కింద శుభ్రం చేశాను. పప్పులో కారం ఎక్కువైందని అమ్మతో పోట్లాడాను. కారం సరిగానే ఉంది.

3 జూలై, సోమవారం

అందరికంటే ముందు వెళ్ళి తాళం తీసి ఒకసారి చూసుకున్నాను.

మిషన్ బాగానే ఉంది.

4 జూలై, మంగళవారం

ఈ రామస్వామి గారొకరు. కంప్యూటర్ వచ్చాక ఆయన్నీ ఆయన టైపు మిషన్‌నూ వరండాలో వేశారని నా మీద లోపల కోపం. పైకి నవ్వుతారు. ఇవాళ టీ గ్లాసు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డారు. చెప్పులు విప్పాల్సి వస్తుందని లోపలికి రారు.

“ఇంద్రమ్మా, ఆల్లిద్దరు బక్కయ్యలు ఒక్క ఇంటోళ్ళేనమ్మా. అన్నదమ్ముల పిల్లలు. తాత పేరు బక్కయ్య. తాత పోయినంక అన్నకు కొడుకు పుట్టిండు, తాత పేరు పెట్టిండు. తమ్మునికి పుట్టిండు, ఆయన గూడ గదే పేరు పెట్టిండు. ఇంటి పేరు ఒక్కటే, మనిషి పేరు ఒక్కటే. నేనైతే తండ్రి పేరు కొట్టనిది కవరు ముట్టకపోతుంటి. నీ మిషన్ల తండ్రి పేర్లున్నయా?”

“అన్నీ ఉన్నాయి” అన్నాను.

“మార్కెట్ బక్కయ్య ఎల్లయ్య కొడుకు, బస్సు బక్కయ్య జానయ్య కొడుకు. జర చూసుకో.”

“చూసుకున్నాను. తొమ్మిది రోజుల పని ఒక్క రోజులో చేస్తే చూసుకోకుండా చేస్తారా?” అన్నాను. గ్లాసు తీసుకుని వెళ్ళిపోయారు. బాగా అయింది.

ఊళ్ళో ఇన్ని పేర్లుండగా ఒకే ఇంట్లో ఇద్దరికి ఒకే పేరు పెట్టడమేమిటి? మా ఇంట్లో గేదెలకైనా వేరే వేరే పేర్లున్నాయి.

తండ్రి పేర్లు లేవు. ఫైలు చేసేటప్పుడు ఎందుకులే అనుకున్నాను. చిరునామా ఉంటే ఉత్తరం పోతుంది కదా.

5 జూలై

ఏడో రోజు. వాన చినుకులు పడ్డాయి. జరిగి గోడ పక్కకు కూర్చున్నాడు, అంతే.

6 జూలై, గురువారం

ఇవాళ భార్యను తీసుకొచ్చాడు. సోమమ్మ. ఈమె మాత్రం అరిచే మనిషే, నాకు హాయిగా అనిపించింది.

“మా ఆయన అబద్ధమాడుతుండని మార్కెట్ల నవ్వుతున్రు బిడ్డా. మామిడికాయ లోడు ఇడిసిపెట్టి రాలేకపోయిండట. ఇప్పుడు కాయితమే రాలేదని కతలు పడుతుండట. ముప్పై ఏండ్ల సంది ఆయన లెక్క చెప్పిన బుట్టను మల్లెవ్వరు లెక్కపెట్టలే. గసొంటి మనిషిని అబద్ధాలోన్ని చేసిన్రు మీరు.”

“నేనేం చేశాను? నా పని నేను చేశాను. రిజిస్టర్ చూపించమంటావా?”

“నాకు సదువొస్తదా చూపిస్తె? దసరా లోపల ఇల్లు ఖాళీ చెయ్యమన్నరు, ఆడ మూడంతస్తులు లేపుతరట. గా జాగల గుడిసె ఏసుకుందమనుకున్నం. నువ్వు నోటితోని చెప్పు. పంపినవా, లేదా?”

“పంపాను” అన్నాను.

నిజమే. రెండు ఉత్తరాలు పంపాను.

బక్కయ్య ఆమె చెయ్యి పట్టుకుని, “నడువ్. బిడ్డ పంపిన్నంటున్నది గద, నడుమల యాడనో పోయినట్లున్నది” అన్నాడు. నన్ను తిడితే ఈయన సొమ్మేం పోయింది? ఎవరు అడిగారు ఈయన్ని నన్ను వెనకేసుకు రమ్మని?

శ్రీరామమూర్తి గారు లోపలి నుంచి అంతా విన్నారు. “కంప్యూటరు అబద్ధమాడదండీ. వాళ్ళతో మాటలెందుకు మీకు?” అన్నారు.

7 జూలై

మళ్ళీ చూశాను. మిషన్ బాగానే ఉంది.

9 జూలై, ఆదివారం

సరూర్‌నగర్‌లో కూరగాయలు తెస్తానని అమ్మతో చెప్పి మూసారాంబాగ్ వెళ్ళాను. ఇల్లు వెతకాల్సిన పని లేకపోయింది. ఆ చిరునామా నాకు నోటికి వచ్చేసింది.

బస్సు బక్కయ్య డిపోలో మెకానిక్. కాస్త చదువుకున్నాడు. నన్ను చూసి లేచి, “రాండ్రి మేడమ్, కూసోండ్రి” అని కుర్చీ తుడిచి వేశాడు. భార్య మంచినీళ్ళు తెచ్చింది. ఏమి అడగాలో ఆలోచించుకుని వెళ్ళలేదు. “ఉత్తరం అందింది కదా?” అన్నాను.

“ఒక్కటి కాదు, రెండందినయి! ఒకటి పోతె ఒకటన్న చేరుతదని రెండు పంపినట్లున్నరు. మీ ఆఫీసోళ్ళు శాన మంచోళ్ళని మా ఇంటామెతోని గూడ అన్న.” దేవుడి పటం వెనక నుంచి తీసి చూపించాడు. రెండింటి మీదా పగిళ్ళ బక్కయ్య. రెండింటి మీదా మూసారాంబాగ్.

“మరి మీ అన్న ఆ రోజు రాలేదే. మీరు అడగలేదా?”

ఆయన ముఖం మారిపోయింది. “ఊర్ల బోరు మోటరు కాడ లొల్లయింది. రెండేండ్ల సంది మాకు మాటల్లేవు. రాలేదని చూసిన. నేనెందుకు అడగాలె?”

ఆఫీసు ఫైలుకు ఒకటి కావాలన్నాను. ఇచ్చాడు. ఇప్పుడది నా సంచిలో ఉంది. కూరగాయలు కొనడం మరిచిపోయాను. అమ్మ అడిగితే బాగాలేవని చెప్పాను.

ఎందుకు తెచ్చానో నాకే తెలియదు.

10 జూలై, సోమవారం

పదకొండో రోజు.

అందరి మీదా కోపంగా ఉంది. మాటలు మానేసి కూర్చున్న ఆ అన్నదమ్ముల మీద. చచ్చి కూడా ఇద్దరి పేర్లలో బతుకుతున్న ఆ తాత మీద. బామ్మర్దిని వెయిటింగ్ లిస్టులో పెట్టుకున్న ప్రెసిడెంటు మీద. గుమ్మం దగ్గర టీ తాగే రామస్వామి గారి మీద. ఇంతమందిని తిట్టుకున్నాక మిగిలింది నేనే. రాసేస్తాను. ఈ పుస్తకం ఎవరూ చదవరు.

ఆ ఉత్తరం ఎందుకు తెచ్చానో తెలుసు. చింపడానికి తెచ్చాను.

నేను మొదట రాసిన ప్రోగ్రాం ఇలాంటిది కాదు. పేరు వెతికి, ఒకటి దొరికాక ఆగకుండా ఫైలు చివరిదాకా చూసేది. అలాంటి పేరే ఇంకొకటి కనిపిస్తే గంట కొట్టి, రెండూ తెర కింద చూపించి, ఏది కావాలని అడిగేది. ఆ అడిగే పని కోసం ఆరు లైన్లు రాశాను. మూడు రోజులు పట్టింది ఆ ఆరు లైన్లకు. జూన్ 10న డైరెక్టర్లు చూడడానికి వచ్చారు. నేను కొడుతున్నాను, గంట మోగుతోంది. మా దగ్గర జంగయ్యలు నలుగురు, మట్టయ్యలు ముగ్గురు, మోగదా మరి? ఒక డైరెక్టరు నవ్వాడు. “ఇదేందమ్మా, మాటిమాటికి మనల్నే అడుగుతది? అన్ని మనమే చెప్తె దీనికేం తెలివున్నట్టు?” అందరూ నవ్వారు. శ్రీరామమూర్తి గారు కూడా.

వాళ్ళు అటు వెళ్ళగానే ఆ ఆరు లైన్ల ముందు ఒక్కొక్క సెమీకోలన్ పెట్టాను. సెమీకోలన్ పెడితే ఆ లైను ప్రోగ్రాంలో ఉంటుంది గానీ మిషన్ దాన్ని చదవదు. ఇక అడగడం మానేసింది. ముందు ఏది దొరికితే అదే నింపేసింది. జంగయ్యలకూ మట్టయ్యలకూ ఇంటిపేర్లు వేరు కాబట్టి ఇంటిపేరుతో కలిపి కొట్టి గట్టెక్కాను. ఆ రెండో బక్కయ్య కవరు కొట్టేటప్పుడు ఇందాక కొట్టిన చిరునామాయే వచ్చిందని నా కంటికి ఆనలేదు. ఆనిందేమో కూడా. పొద్దు పోతోంది, ఇంకా అరవై ఉన్నాయి.

3వ తారీకున పొద్దున్నే అవే నాలుగక్షరాలు కొట్టి ఎఫ్ నైన్ నొక్కాను. మూసారాంబాగ్. మళ్ళీ నొక్కాను. మూసారాంబాగ్. పదిసార్లు నొక్కాను. ఆ తర్వాతే ఇక్కడ మిషన్ బాగానే ఉందని రాశాను. అది మాత్రం అబద్ధం కాదు. నేను చెప్పింది చెప్పినట్టు చేసింది.

చింపలేదు.

11 జూలై, మంగళవారం

కమిటీ కూర్చుంది. బక్కయ్యను లోపలికి పిలిచారు. చెప్పులు విప్పి, తువ్వాలు కూడా బయటే మెట్టు మీద పెట్టి వచ్చాడు. నిలబడే మాట్లాడాడు.

“నేను కర్మన్‌ఘాట్ హనుమాండ్లు ముంగట తడిబట్టలతోని ప్రమాణం చేస్త. కాయితం అంది గూడ అందలేదన్ననంటె ఆ దేవుడే చూసుకుంటడు. గంతకంటె నాతాన ఏం లేదు.”

ప్రెసిడెంటు ఈ ఊరి పాత కాపు కుటుంబం మనిషి. తడిబట్టల మాట వినగానే కుర్చీలో సర్దుకున్నాడు. కాదంటే ఊళ్ళో తలెత్తుకోలేడు. కమిటీతో పాటు వచ్చి కూర్చున్న బామ్మర్ది వైపు చూసి, “సరే. మరి పంపినమనేటోళ్ళు గూడ చెయ్యాలె గద? ఇంద్రమ్మ గూడ చేస్తది. ఇద్దరు చేసిన్రంటె ఇద్దరిది నిజమే, తపాలల పోయినట్టు. అప్పుడు సంఘం మీద తప్పు లేదు. చీటీలు చీటీలే” అన్నాడు.

అందరూ తలూపారు. శనివారం పొద్దున ఎనిమిదికి.

సాయంత్రం శ్రీరామమూర్తి గారు నా బల్ల దగ్గరకు వచ్చి గొంతు తగ్గించి, “పంపానని చెప్పండి చాలు. అంతకు మించి ఒక్క మాట వద్దు. మిషనూ ఉంటుంది, మీరూ ఉంటారు” అన్నారు. ఆయనకు తెలుసా? తెలియకపోతే ఒక్క మాట వద్దని ఎందుకంటారు? ఎంత మర్యాదగా చెప్పారో! చెప్పుతో కొట్టినా ఇంత మండేది కాదు.

12 జూలై

“జూన్ 12వ తారీకున బక్కయ్య పేరు మీద రెండు ఉత్తరాలు నా చేతులతో కొట్టి పంపించాను.”

ఇందులో ఒక్క అబద్ధం లేదు.

జూన్ 12వ తారీకున బక్కయ్య పేరు మీద రెండు ఉత్తరాలు నా చేతులతో కొట్టి పంపించాను. పంపించాను. రెండు.

13 జూలై, గురువారం

అమ్మకు ప్రమాణం సంగతి ఎవరో పాలు పోయించుకునేటప్పుడు చెప్పారు. తెల్లవారుజామున పాలు పిండుతూ, తల తిప్పకుండా, “శనివారం ఏమని చెప్తవ్? నాకు జెప్పు” అంది.

నా వాక్యం చెప్పాను. ఒక్క చోట కూడా తడబడలేదు.

చెంబులో ధార ఆగింది. “గింత నున్నగున్నదేంది బిడ్డా?” అంది.

“నిజం నున్నగా ఉండకూడదా?”

“నువ్వు చిన్నప్పుడు కుండ పగలగొట్టినప్పుడు గూడ గిట్లనే చెప్పినవ్. నీల్లు తెచ్చిన, ఈడనే పెట్టిన అని. పెట్టినవ్ గని పగిలినంక పెట్టినవ్.”

చెంబు లాక్కుని లోపలికి వచ్చేశాను. సగం పాలు ఒలికిపోయాయి. శివమ్మ కూతుర్నయి పుట్టడం నా కర్మ.

14 జూలై

వాన. ఇవాళ మెట్ల మీద ఎవరూ లేరు. కమిటీ పిలిచిన రోజు నుంచీ రావడం లేదు. ఎన్నిసార్లు లేచి చూశానో.

15 జూలై, శనివారం

వరసగా రాస్తాను.

గుడి బయట బోరింగు ఉంది. నేను వెళ్ళేసరికి సోమమ్మ బోరింగు కొడుతోంది, ఆయన దాని కింద గొంతుక్కూర్చున్నాడు. పైనుంచి ముసురు. యాభై దాటిన మనిషి, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. పదిమంది హమాలీలు వచ్చారు. కమిటీ వాళ్ళు గొడుగుల కింద ఉన్నారు. రామస్వామి గారు కూడా వచ్చి ఓ మూల నిలబడ్డారు.

బక్కయ్య నీళ్ళు కారుతూ గుడిలోకి వెళ్ళి చేతులు జోడించాడు. “తండ్రీ, నాకు కాయితం అందలే. అంది గూడ అందలేదంటె నా సోమమ్మకు నేను దక్కొద్దు.” అంతే. సోమమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పళ్ళు టకటకలాడుతుండగా ఆయన పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు. చోటిచ్చాడు నాకు!

నాకు తడిబట్టలు అక్కర్లేదట, ఆడమనిషిని కాబట్టి నీళ్ళు చల్లుకుంటే చాలట. శ్రీరామమూర్తి గారు చెంబు అందించి, “కానివ్వండమ్మా” అన్నారు. చల్లుకున్నాను. నా వాక్యం మొదలుపెట్టాను. “జూన్ పన్నెండో తారీకున బక్కయ్య పేరు మీద రెండు ఉత్తరాలు నా చేతులతో కొట్టి పంపించాను.” నున్నగానే వచ్చింది. వెనక గొడుగులు ముడిచే చప్పుడు వినిపించింది. అయిపోయిందనుకున్నారు. ఆ చప్పుడుకు నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

“రెండూ ఒక్క ఇంటికే పంపాను” అన్నాను.

సంచిలోంచి ఉత్తరం తీసి దేవుడి ముందు గడప మీద పెట్టాను. అంతా చెప్పాను. ఒకే పేరు రెండుసార్లు ఉంటే అడగాలని నేనే రాశానని, మీరు నవ్వితే ఆ నోరు నేనే మూశానని, పోస్టు వాళ్ళ తప్పేమీ లేదని. ప్రెసిడెంటు గారి కుట్ర కూడా కాదని చెప్పాను. ఇన్నాళ్ళూ కుట్రే అయితే బాగుండునని లోపల మొక్కుకున్నాను కాబట్టి అదీ చెప్పాను. శ్రీరామమూర్తి గారి ముఖంలో నెత్తురు లేదు.

ప్రెసిడెంటు చాలాసేపు ఉత్తరం అటూ ఇటూ తిప్పాడు. దేవుడి ముందు, పదిమంది హమాలీల ముందు, ఇంకేమంటాడు? “అరవై మూడు ఆయనదే” అన్నాడు. బామ్మర్ది వర్షంలోనే వెళ్ళిపోయాడు. హమాలీలు బక్కయ్య భుజాలు చరిచారు.

ఆయన నవ్వలేదు. నా దగ్గరకొచ్చాడు.

“ఎప్పట్సంది ఎర్క బిడ్డా నీకు?”

“మూడో తారీకు నుంచి.”

“అంటె నేను మీ మెట్ల మీద కూసున్నప్పుడు ఎర్కనే.”

“ఎరుకే.”

“మా ఆమె అడిగిన్నాడు గూడ ఎర్కనే.”

తలూపాను.

“నన్ను దేవుని ముంగట తడిపి నిలబెట్టినంక చెప్పినవ్” అన్నాడు. గొంతు పెంచలేదు. తువ్వాలు పిండుకుని తల తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. సోమమ్మ నా వైపు చూడను కూడా చూడలేదు.

ఇంటికొచ్చి సంచి గోడకేసి కొట్టాను. ప్లాటు వచ్చింది కదా, పేరు నిలబడింది కదా, ఇంకేం కావాలి ఆ మనిషికి? అమ్మ సంచి తీసి కొక్కేనికి తగిలించింది. పొడి తువ్వాలు తెచ్చి నా తల తుడిచింది. అప్పుడు ఏడ్చాను.

17 జూలై, సోమవారం

కంప్యూటర్ మీద గుడ్డ కప్పేశారు. రామస్వామి గారి టైపు మిషన్ లోపలికి వచ్చింది. ఈ నెలాఖరు దాకే నేను. “మీ మీద నాకు కోపమేం లేదండీ, కమిటీ నిర్ణయం” అని శ్రీరామమూర్తి గారు బల్లతో చెప్పినట్టు చెప్పారు. రెండు రోజులు మిషన్ ఇమ్మన్నాను. ఎందుకన్నారు. నా తప్పు అందులోనే ఉందన్నాను.

దిద్దడానికి ఎంతసేపు పట్టిందో రాస్తే సిగ్గేస్తుంది. ఆరు సెమీకోలన్లు చెరపాలి. చెరిపాను. రెండు నిమిషాలు.

నాలుగక్షరాలు కొట్టి ఎఫ్ నైన్ నొక్కాను. గంట మోగింది. ఏది కావాలని కింద చూపించింది. ఒకటి, పగిళ్ళ బక్కయ్య. రెండు, పగిళ్ళ బక్కయ్య. నేను పేర్లు మాత్రమే చూపించమని రాశాను మరి. అది అడుగుతోంది, పేర్లు చూసి నేను జవాబు చెప్పలేను. ఈ ఇద్దరి తండ్రుల పేర్లు విన్నాను గానీ మిగతావాళ్ళవి నాకు తెలియవు. బల్ల గుద్దాను. తెలిసినవాళ్ళు ఎవరో తెలుసు. ఆయన దగ్గరకు వెళ్ళడానికి అరగంట పట్టింది.

“రామస్వామి గారూ, ఇటు వచ్చి కూర్చుంటారా? తండ్రి పేర్లు చెప్పాలి.”

ఎత్తిపొడుస్తారని చూశాను. కళ్ళజోడు తుడుచుకుని, ఖాళీ కుర్చీ నా పక్కకు లాక్కుని కూర్చున్నారు. రిజిస్టర్ తెరవలేదు. “రాసుకో” అన్నారు. రెండు వందల ఎనిమిది మంది తండ్రుల పేర్లు నోటికి చెప్పారు. కొందరికి తండ్రి పేరు చాలదన్నారు, ఏం పని చేస్తారో, ఊళ్ళో ఏ వాడవాళ్ళో చెప్పారు. నేను కొడుతూ పోయాను. అదంతా ఆయన తలలో ఉండగా నేను వరండాలోకి నెట్టిన మాట నాకు గుర్తుంది, ఆయనకూ గుర్తుండే ఉంటుంది. ఇద్దరం ఎత్తలేదు.

సాయంత్రం, “ఇగ నీ మిషన్ మంచిగ అడుగుతది” అన్నారు.

18 జూలై, మంగళవారం

63వ నంబరు ప్లాటు కేటాయింపు ఉత్తరం నేనే కొడతానన్నాను. నాలుగక్షరాలు కొట్టాను. గంట మోగింది. ఒకటి, ఎల్లయ్య కొడుకు, మార్కెట్. రెండు, జానయ్య కొడుకు, బస్సు డిపో. ఒకటి నొక్కాను. గడ్డిఅన్నారం అని వచ్చింది. ప్రతి అక్షరం మీద వేలు పెట్టి చదువుకున్నాను.

పోస్టులో వేయలేదు. మార్కెట్ వెనక సందులో వాళ్ళ ఇల్లు. ఒకటే గది. ఇంటి ముందు ఇసుక కుప్ప పోసి ఉంది, మూడంతస్తుల వాళ్ళదే అయి ఉంటుంది. బక్కయ్య గుమ్మంలోకి వచ్చాడు. సోమమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవలేదు.

“చదువు” అన్నాడు.

చదివాను. “పగిళ్ళ బక్కయ్య, తండ్రి ఎల్లయ్య, హమాలీ, గడ్డిఅన్నారం.”

“మా నాయిన పేరు గూడ ఏసినవా” అన్నాడు. నా తప్పు మన్నించమని అడగాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. అడిగాను. ఆయన చేతులు తుడుచుకుని ఉత్తరం తీసుకున్నాడు. మడత పెట్టి దేవుడి పటం వెనక పెట్టాడు. మంచినీళ్ళు తాగమనలేదు. కూర్చోమనలేదు.

పదకొండు రోజుల్లో నేను ఆయన్ని ఒక్కసారీ కూర్చోమనలేదు.

వాళ్ళ గుమ్మం బయట ఒకటే మెట్టుంది. గోడ పక్కకు జరిగి దాని మీద కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను. పొమ్మనలేదు.